హామీల చిట్టా ఉంది, అమలు లెక్క లేదు: ఐరాస మానవ హక్కుల డేటాబేస్‌లపై ఒక సమీక్ష

మానవ హక్కుల విషయంలో ఒక దేశం అంతర్జాతీయ వేదికల మీద ఏం ఒప్పుకుంది, ఏది కాదంది, ఏ నివేదిక ఎగ్గొట్టింది అన్నవి ఎవరైనా చూసుకోవచ్చు. రుసుం లేదు, లాగిన్ అక్కర్లేదు. చిక్కల్లా ఒకటే: సమాచారం ఒకచోట లేదు. ఐరాస మానవ హక్కుల హైకమిషనర్ కార్యాలయం నడిపే యూనివర్సల్ హ్యూమన్ రైట్స్ ఇండెక్స్, అంటే యూహెచ్‌ఆర్‌ఐ, వీటిలో పెద్దది. మానవ హక్కుల ఒడంబడికల అమలును పరిశీలించే కమిటీల డేటాబేస్ వేరు, ఒడంబడికల మీద దేశాల సంతకాలు, ధ్రువీకరణలు నమోదయ్యే ఐరాస ట్రీటీ కలెక్షన్ వేరు, జెనీవాలోని యూపీఆర్ ఇన్ఫో అనే స్వచ్ఛంద సంస్థ నడిపే డేటాబేస్ ఇంకోటి. ఈ నాలుగింటినీ భారతదేశం రికార్డు మీద పరీక్షించి రాస్తున్న సమీక్ష ఇది. తీర్పు ముందే చెప్పేయొచ్చు: వెతకడానికి చక్కగా ఉంటాయి, లెక్కపెట్టేటప్పుడు ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి, ప్రగతి కొలవడానికి మాత్రం ఏ ఒక్కటీ సరిపోదు.

యూహెచ్‌ఆర్‌ఐతో మొదలుపెడదాం. ఇందులో మూడు రకాల సరుకు ఉంటుంది. ఒడంబడిక కమిటీలు ఒక్కో దేశం నివేదికను పరిశీలించాక ఇచ్చే ముగింపు పరిశీలనలు 2000 నుంచి ఉన్నాయి. ప్రత్యేక ప్రతినిధులు దేశాల్లో పర్యటించి రాసిన నివేదికలు 2006 నుంచి, మానవ హక్కుల మండలిలో దేశాలే ఒకదాన్నొకటి పరిశీలించే సార్వత్రిక నియతకాలిక సమీక్ష, అంటే యూపీఆర్ సిఫారసులు 2008 నుంచి ఉన్నాయి. పత్రాలను మొత్తంగా పడేయకుండా పేరా పేరాగా విడదీసి, ప్రతి పేరాకూ దేశం, హక్కు, ప్రభావిత వర్గం, సుస్థిరాభివృద్ధి లక్ష్యం అని గుర్తులు తగిలించారు. అసలు బలం ఇక్కడే ఉంది. నలభై పేజీల పీడీఎఫ్ తిరగేయకుండా వికలాంగుల విద్య మీద ఉన్న పేరాలు మాత్రమే రాబట్టుకోవచ్చు, ఎక్సెల్‌లోకి దించుకోవచ్చు.

వాడే పద్ధతి గురించి ఒక మాట. చాలామంది మొదట ఇతివృత్తం ఎంచుకుని, ఆ తర్వాత దేశం ఎంచుకుంటారు. దేశం, యంత్రాంగం (కమిటీయా, ప్రత్యేక ప్రతినిధా, యూపీఆరా అన్నది) ముందు ఎంచుకుని, ఆపైన సిఫారసులు మాత్రమే చూపించమనడం మేలు. లేకపోతే కమిటీ ఆందోళన తెలిపిన పేరాలు, సిఫారసు పేరాలు కలిసిపోయి వస్తాయి. ఆందోళన పేరా ప్రభుత్వం చేయాల్సిన పని కాదు, పనికి కారణం. రెండూ ఒకే ఎక్సెల్ కాలమ్‌లో పడ్డాక విడదీయడం తలనొప్పి. తేదీల వడపోత పెట్టేటప్పుడు అటూ ఇటూ ఒక ఏడాది ఎక్కువ తీసుకోవాలి. సమీక్ష ఒక సంవత్సరం జరిగి, దేశం తుది జవాబు మరుసటి సంవత్సరం రావడం మామూలే. భారత్ నాలుగో యూపీఆర్ 2022 నవంబరులో జరిగింది, తుది ఫలితాన్ని మండలి ఆమోదించింది 2023 మార్చిలో.

లెక్కల దగ్గర జరిగే పొరపాటు ఇంకా పెద్దది. ఒకే పేరాకు మూడు నాలుగు గుర్తులు ఉండొచ్చు. బాలికల విద్య మీద ఉన్న సిఫారసు విద్యలోనూ వస్తుంది, బాలల్లోనూ, మహిళల్లోనూ వస్తుంది. ఇతివృత్తాల వారీ సంఖ్యలను కూడేస్తే అసలు సిఫారసులకు రెండు మూడింతలు తేలుతుంది. దించుకున్న ఎక్సెల్‌లో పత్రం సంఖ్య, పేరా సంఖ్య కలిపి ఒక గుర్తింపు సంఖ్య తయారుచేసుకుని, దాని మీద నకళ్లు తీసేయాలి. ఇది చేయకుండా గీసిన పట్టీ గ్రాఫ్‌లు నివేదికల్లో కనిపిస్తూనే ఉంటాయి, నమ్మొద్దు.

పదాలతో వెతికేటప్పుడు ఒక్క పదంతో ఆగకూడదు. కుల వివక్ష మీద వెతికితే ఒక కమిటీ ‘షెడ్యూల్డ్ కాస్ట్స్’ అంటుంది, ఇంకొకరు ‘దళిత్’ అంటారు, జాతి వివక్ష నిర్మూలన కమిటీ వాడుక ‘డిసెంట్’, అంటే వంశం. కులం జాతి కాదన్నది భారత ప్రభుత్వ వాదన. వంశాన్ని బట్టి చూపే వివక్షలో కులం వస్తుందని ఆ కమిటీ 2002లోనే తన 29వ సాధారణ సిఫారసులో చెప్పింది. ఆ గొడవ ఎరగనివాళ్లు ఒక పదంతో వెతికి, సగం ఫలితాలు చూసి, అంతేననుకుంటారు.

ఇక అసలు లోపం. ఏ దేశం నివేదిక ఇవ్వదో ఆ దేశానికి కమిటీ నుంచి సిఫారసులూ రావు. ఇండెక్స్‌లో ఖాళీ కనిపిస్తుంది. చూసేవాడికి అది శుభ్రంగా ఉన్నట్టు అనిపిస్తుంది. భారతదేశం పౌర, రాజకీయ హక్కుల ఒడంబడికలో చేరింది 1979 ఏప్రిల్ 10న. ఆ ఒడంబడిక అమలును చూసే మానవ హక్కుల కమిటీ భారత్ నివేదికను 1997 జులైలో పరిశీలించింది, ఆ తర్వాత మళ్లీ పరిశీలించింది 2024 జులైలో. మధ్యలో 27 ఏళ్లు. యూహెచ్‌ఆర్‌ఐలో ఒడంబడిక కమిటీల పత్రాలు 2000 నుంచి మాత్రమే కాబట్టి 1997 పరిశీలనలు అందులో లేవు. అంటే 2024 వేసవి దాకా ఈ ఇండెక్స్‌లో భారత్, మానవ హక్కుల కమిటీ అని నొక్కితే వాక్ స్వాతంత్ర్యం మీద, కస్టడీ మరణాల మీద, సాయుధ దళాల ప్రత్యేక అధికారాల చట్టం మీద ఆ కమిటీ మాట ఒక్కటీ కనిపించే వీలు లేదు. ఏ సమస్యా లేక కాదు.

ఇది ఒక్క ఒడంబడిక కథ కాదు. జాతి వివక్ష ఒడంబడికను భారత్ 1968లో ధ్రువీకరించింది. ఆ కమిటీ చివరిసారి భారత్‌ను సమీక్షించింది 2007లో. ఆర్థిక, సామాజిక, సాంస్కృతిక హక్కుల కమిటీ చివరి సమీక్ష 2008. మహిళలపై వివక్ష కమిటీ, బాలల హక్కుల కమిటీ 2014లో చూశాయి. వికలాంగుల హక్కుల కమిటీ తొలి నివేదికను 2019లో చూసింది. ఈ తేదీలు చేతిలో లేకుండా యూహెచ్‌ఆర్‌ఐ ఫలితాలను పక్కపక్కన పెట్టి ‘వికలాంగుల హక్కుల మీద విమర్శ ఎక్కువ, జాతి వివక్ష మీద తక్కువ’ అని తేల్చేస్తే అది తప్పుడు లెక్క. పరీక్ష రాయని విద్యార్థికి ఎర్ర సిరా గీతలు ఉండవు మరి.

అందుకే యూహెచ్‌ఆర్‌ఐ తెరవకముందే ఒడంబడిక కమిటీల డేటాబేస్‌లో దేశం పేజీ తెరవాలి. ఏ నివేదిక ఎప్పుడు ఇవ్వాలి, ఎప్పుడు ఇచ్చారు, ఎప్పుడు సమీక్షించారు అన్న పట్టిక అక్కడ ఉంటుంది. ఆలస్యమైన నివేదికల జాబితా కూడా విడిగా దొరుకుతుంది. చూడ్డానికి ఈ డేటాబేస్ పాతకాలపు సర్కారు ఆఫీసు ఫైలులా ఉంటుంది. అయినా నాలుగింటిలో నిజాయితీ ఎక్కువ దీనికే: ఖాళీని ఖాళీగా చూపిస్తుంది.

ఇందులోనే ఫాలో-అప్ విభాగం ఉంది, చాలామంది అక్కడిదాకా రారు. ముగింపు పరిశీలనల చివర్లో కమిటీ కొన్ని పేరాలను, సాధారణంగా రెండు నుంచి నాలుగింటిని, తొందరగా చూడాల్సినవిగా ఎంచుతుంది. చిత్రహింసల వ్యతిరేక కమిటీ వాటికి ఏడాది గడువిస్తుంది, మహిళల కమిటీ రెండేళ్లు, మానవ హక్కుల కమిటీ ఇప్పుడు మూడేళ్లు. దేశం పంపిన జవాబుకు మానవ హక్కుల కమిటీ అక్షరాలతో గ్రేడు వేస్తుంది. ‘ఏ’ అంటే చాలావరకు సంతృప్తికరం, ‘బీ’ పాక్షికం, ‘సీ’ అసంతృప్తికరం, ‘డీ’ సహకారం లేదు, ‘ఈ’ అంటే సిఫారసుకు విరుద్ధంగా నడిచారు లేదా తిరస్కరించారు. ఐరాస వ్యవస్థ మొత్తంలో అమలుకు మార్కులు వేసే చోట్లు చాలా కొద్ది, వాటిలో ఇదొకటి. భారత్‌కు 2024 పరిశీలనల మీద ఆ గడువు 2027లో వస్తుంది. ఈ గ్రేడులు నాలుగు పేరాలకు మించి వర్తించవన్న సంగతి మాత్రం మరవకూడదు. ‘బీ వచ్చింది’ అంటే దేశానికి బీ వచ్చిందని కాదు.

ట్రీటీ కలెక్షన్ గురించి రెండు ముక్కలు చాలు. మానవ హక్కుల ఒడంబడికలన్నీ నాలుగో అధ్యాయంలో ఉంటాయి: ఆర్థిక, సామాజిక హక్కులది మూడో సంఖ్య, పౌర హక్కులది నాలుగు, మహిళలది ఎనిమిది, చిత్రహింసలది తొమ్మిది, బాలలది పదకొండు. సంతకం తేదీ, ధ్రువీకరణ తేదీ వేర్వేరు కాలమ్‌ల్లో ఉంటాయి. సంతకం ఉండి ధ్రువీకరణ లేకపోతే ఒడంబడికలోని బాధ్యతలు ఆ దేశానికి వర్తించవు, దాని లక్ష్యాన్ని దెబ్బతీయకూడదన్న మేరకే కట్టుబాటు. భారత్ చిత్రహింసల వ్యతిరేక ఒడంబడిక మీద 1997 అక్టోబరులో, బలవంతపు అదృశ్యాల ఒడంబడిక మీద 2007 ఫిబ్రవరిలో సంతకం చేసింది. రెండింటికీ ధ్రువీకరణ లేదు. కిందికి దిగితే ప్రకటనలు, మినహాయింపులు ఉంటాయి, అవి తప్పక చదవాలి. మహిళల ఒడంబడికలో వివాహం, కుటుంబ సంబంధాల మీద ఉన్న 16వ అధికరణం మొదటి ఖండాన్ని సమాజాల వ్యక్తిగత వ్యవహారాల్లో వాటి చొరవ, సమ్మతి లేకుండా జోక్యం చేసుకోబోమన్న విధానానికి లోబడి పాటిస్తామని భారత్ 1993లో ప్రకటించింది. ఆ ముక్క చదవనివాళ్లు హామీని ఉన్నదానికంటే పెద్దదిగా అంచనా వేస్తారు.

యూపీఆర్ ఇన్ఫో డేటాబేస్ ఐరాసది కాదు, కానీ యూపీఆర్ వరకు యూహెచ్‌ఆర్‌ఐ కంటే పదునైనది. ఏ దేశం సిఫారసు చేసింది, సమీక్షకు గురైన దేశం సమ్మతించిందా లేక ‘గమనించాం’ అని ఊరుకుందా, ఏ విడతలో అన్నవి విడివిడిగా వడపోయొచ్చు. దీనికి ప్రాణం ‘చర్య రకం’ అన్న గుర్తు. సిఫారసులోని క్రియను బట్టి ఒకటి నుంచి అయిదు దాకా వేస్తారు. ఒకటి అంటే దేశం తానుగా చేసేది దాదాపు ఏమీ ఉండదు, సాయం అడగడం, అనుభవాలు పంచుకోవడం లాంటివి. రెండు ‘కొనసాగించండి’, మూడు ‘పరిశీలించండి’, నాలుగు ‘మెరుగుపరచండి’ తరహా, అయిదు ‘ధ్రువీకరించండి’, ‘రద్దు చేయండి’ లాంటి స్పష్టమైన పని. సమ్మతి పొందినవాటిలో అయిదో రకం మాత్రం తీసుకుంటే జాబితా ఒక్కసారిగా చిక్కిపోతుంది. మిగిలినవే నిజంగా తనిఖీ చేయగలిగిన హామీలు. ‘ప్రయత్నాలు కొనసాగించండి’ అన్నదాన్ని అమలు చేయలేదని నిరూపించడం ఎవరి తరమూ కాదు. దేశాలు వాటికి తేలిగ్గా తలూపేది అందుకే.

ఈ వడపోత లేకుండా సమ్మతి శాతాలు చూస్తే ఎంత మోసపోతామో భారత్ అంకెలే చెబుతాయి. 2012లో 169 సిఫారసులకు 67 సమ్మతి, అంటే దాదాపు 40 శాతం. 2017లో 250కి 152, 61 శాతం. 2022లో 339కి 221, 65 శాతం. గీత పైకే పోతోంది. పత్రికా ప్రకటనకు ఇంతకంటే మంచి గ్రాఫ్ ఏముంటుంది? కానీ ఇది ఒప్పుకున్న శాతం, చేసిన శాతం కాదు. సిఫారసు రాసే దేశం వేడిగా రాస్తే గమనికకు పోతుంది, మెత్తగా రాస్తే సమ్మతి వస్తుంది. కాబట్టి ఈ శాతం సమీక్షకు గురైన దేశాన్ని ఎంత కొలుస్తుందో, సిఫారసు చేసినవాళ్ల మర్యాదను అంతే కొలుస్తుంది.

రెండు డేటాబేస్‌ల సంఖ్యలు కలవకపోతే కంగారు పడొద్దు. 2008లో భారత్‌కు ఐరాస నివేదిక లెక్కన 18 సిఫారసులు. కొన్నింటిని పలు దేశాలు కలిసి చెప్పాయి. యూపీఆర్ ఇన్ఫో అలాంటివాటిని దేశానికొకటిగా విడదీసి లెక్కిస్తుంది. ఏ లెక్క వాడినా ఫర్వాలేదు, కలపకుండా ఉంటే చాలు. సిఫారసుల సంఖ్యలు కూడా విడతల మధ్య కుదరవు. భారత్ సిఫారసులు 2012లో 138తో మొదలవుతాయి, 2017లో 161తో, ఎందుకంటే అవి ఆయా నివేదికల్లో పేరా సంఖ్యలు. పాత 138.1కీ కొత్త 161.1కీ బంధుత్వమేమీ లేదు. విడతల మధ్య జత కలపడం చేత్తో చేయాల్సిన పని, ఏ బటనూ చేసిపెట్టదు.

మరో ఉచ్చు: యూపీఆర్ ప్రధాన నివేదికలో సిఫారసుల జాబితా ఉంటుంది, జవాబులు తరచు అందులో ఉండవు. ‘అడ్ 1’ అన్న ముద్ర ఉన్న అనుబంధ పత్రంలో తర్వాత వస్తాయి. ప్రధాన నివేదిక చదివి ‘ప్రభుత్వం ఏమీ చెప్పలేదు’ అని రాసేవాళ్లు ఆ అనుబంధం తెరవనివాళ్లు. మొదటి విడతలోనైతే చాలా దేశాలు ఔనని గానీ కాదని గానీ అనకుండా వ్యాసాలు రాసి పంపాయి. డేటాబేస్‌లో సమ్మతి కాలమ్ చూసి సరిపెట్టుకోకుండా ఆ జవాబు వాక్యం చదవాలి.

ఒక హామీని మొదటి నుంచి చివరిదాకా పట్టుకుని వెళ్తే ఈ పరికరాలు ఎక్కడ పనికొస్తాయో, ఎక్కడ చేతులెత్తేస్తాయో తెలుస్తుంది. చిత్రహింసల ఒడంబడిక ధ్రువీకరణ తీసుకోండి. సంతకం 1997 అని ట్రీటీ కలెక్షన్ చెబుతుంది. 2008, 2012, 2017, 2022 నాలుగు సమీక్షల్లోనూ ఆ సిఫారసు వచ్చిందని యూపీఆర్ డేటాబేస్ చెబుతుంది. 2008లో ప్రభుత్వం ఆ ప్రక్రియ నడుస్తోందని జవాబిచ్చిన సంగతి అనుబంధంలో దొరుకుతుంది. ఇక్కడితో ఐరాస పరికరాల కథ అయిపోయింది. మధ్యలో ఏం జరిగిందో వాటికి తెలియదు. 2010 మేలో లోక్‌సభ చిత్రహింసల నివారణ బిల్లును ఆమోదించింది, రాజ్యసభ దాన్ని సెలెక్ట్ కమిటీకి పంపింది, 2014లో లోక్‌సభ రద్దుతో బిల్లు మురిగిపోయింది. 2017 అక్టోబరులో లా కమిషన్ తన 273వ నివేదికలో ధ్రువీకరించమని చెప్పి ముసాయిదా బిల్లు కూడా ఇచ్చింది. ఇవన్నీ పార్లమెంటు రికార్డుల్లో, లా కమిషన్ వెబ్‌సైట్‌లో వెతుక్కోవాలి. యూహెచ్‌ఆర్‌ఐలో ‘అమలు స్థితి’ అన్న కాలమ్ అసలు లేదు.

ఆ కాలమ్ నింపడం వాడేవాడి పని. అంకె ఉన్న చోట తేలిక. ప్రసూతి మరణాలు తగ్గించండన్న సిఫారసుకు జనన మరణాల నమూనా సర్వే అయిన శాంపిల్ రిజిస్ట్రేషన్ సిస్టమ్ అంకె పెట్టొచ్చు: లక్ష సజీవ జననాలకు 2014-16లో 130, 2018-20లో 97. ఇది మూడేళ్ల సగటు కాబట్టి యూపీఆర్ జరిగిన సంవత్సరంతో నేరుగా జతచేయకూడదు. కస్టడీ మరణాల దగ్గరికొస్తే అంకెలే పోట్లాడుకుంటాయి. జాతీయ నేర గణాంకాల బ్యూరో పట్టికలో ఉండేవి పోలీసు కస్టడీ మరణాలు. జాతీయ మానవ హక్కుల కమిషన్‌కు 1993 ఆదేశం ప్రకారం 24 గంటల్లో తెలియజేయాల్సినవాటిలో జైలు మరణాలూ ఉంటాయి. రెండింటికీ నిర్వచనం వేరు. ఒక ఏడాది దాని నుంచి, ఇంకో ఏడాది దీని నుంచి తీసుకుంటే పెరుగుదలైనా తగ్గుదలైనా కోరుకున్నట్టు చూపించొచ్చు. చూపిస్తున్నవాళ్లూ ఉన్నారు.

ఆ కాలమ్ సర్కారే నింపి జనానికి చూపించే పద్ధతి లోకంలో లేకపోలేదు. పరాగ్వే ‘సిమోరే’ పేరిట సిఫారసులనూ బాధ్యత ఉన్న శాఖనూ జతచేసి ప్రజలకు తెరిచిన వ్యవస్థ నడుపుతోంది. హైకమిషనర్ కార్యాలయమే ‘నేషనల్ రికమెండేషన్స్ ట్రాకింగ్ డేటాబేస్’ అనే ఉచిత సాధనం తయారుచేసింది, దేశాలు అడిగితే ఇస్తుంది. యూహెచ్‌ఆర్‌ఐ నుంచి సిఫారసులు తెచ్చుకుని శాఖలకు పంచి, గడువు పెట్టి, పురోగతి రాసుకునే ఏర్పాటు అది. సాధనం ఉన్నంత మాత్రాన సరిపోదు, ప్రజలకు కనిపించే పేజీ తెరవాలా వద్దా అన్నది దేశం ఇష్టం.

భాష విషయంలో నాలుగింటికీ మార్కులు తక్కువే. ఐరాస అధికార భాషలు ఆరు, పత్రాలు వాటిలోనే. ఆంగ్లం రానివారికి ఈ వ్యవస్థ లేనట్టే. యంత్రానువాదంతో చదివితే మరో ప్రమాదం: ‘సపోర్టెడ్’, ‘నోటెడ్’ రెండూ సౌమ్యంగానే వినిపిస్తాయి. ‘నోటెడ్’ అంటే మర్యాదగా కాదన్నట్టే అని అనువాదం చెప్పదు.

ఎవరికి ఏది? పాత్రికేయులకు యూపీఆర్ ఇన్ఫో, దానికి తోడు అనుబంధ పత్రాలు. న్యాయవాదులకు యూహెచ్‌ఆర్‌ఐ కంటే ఒడంబడిక కమిటీల పేజీ, ట్రీటీ కలెక్షన్ ఎక్కువ పనికొస్తాయి. వ్యక్తిగత ఫిర్యాదులపై కమిటీల నిర్ణయాలు కావాలంటే ‘జూరిస్’ అని మరో డేటాబేస్ ఉంది, కానీ అలాంటి ఫిర్యాదులకు వీలిచ్చే పౌర హక్కుల ఒడంబడిక మొదటి ఐచ్ఛిక ప్రోటోకాల్‌లో చేరని భారత్ నుంచి ఆ కమిటీకి ఫిర్యాదు వెళ్లే దారే లేదు. యూహెచ్‌ఆర్‌ఐకి అయిదుకు మూడున్నర, యూపీఆర్ ఇన్ఫోకి నాలుగు, కమిటీల డేటాబేస్‌కి రూపానికి రెండు, సరుకుకు నాలుగున్నర.

యూపీఆర్‌కు పౌర సంస్థల నివేదిక రాసేవాళ్లు అయిదో రకం, సమ్మతి పొందినవి మాత్రమే ఎక్సెల్‌లో ఉంచుకుని మొదలుపెట్టాలి. ఒక సంస్థ ఒంటరిగా పంపితే 2,815 పదాలు, కొన్ని కలిసి పంపితే 5,630 పదాలు, అంతకు మించితే తీసుకోరు. సిఫారసుకు పాత పేరా సంఖ్య, సమ్మతి తేదీ, అప్పటి అంకె, ఇప్పటి అంకె, ఆధారం పేరు: ఈ అయిదూ ఒక వరుసలో పెడితే హైకమిషనర్ కార్యాలయం తయారుచేసే పది పేజీల సంగ్రహంలోకి ఆ వరుస చేరే అవకాశం ఎక్కువ. అన్ని సంస్థలకూ కలిపి అక్కడ ఉండే చోటు 5,350 పదాలే.